టెక్సాస్‌లో లైంగిక నేరం కేసు: డిఫెన్స్ ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ చెడిపోతుంది

పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదన్న సంగతి మన దగ్గర లా చదవని వాళ్లకీ తెలుసు. పాత సాక్ష్యాధార చట్టంలో 25వ సెక్షన్‌గా ఉన్న ఆ రక్షణ ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్ అయింది. స్టేషన్‌లో ఏం చెప్పినా, దేని మీద సంతకం పెట్టినా, కోర్టుకి వెళ్లాక చూసుకోవచ్చులే అన్న ధీమా తరాలుగా మనలో ఇంకిపోయింది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో చదువుకుంటున్న తెలుగు కుర్రాడి మీద లైంగిక నేరం ఫిర్యాదు వచ్చినప్పుడు అతన్ని ముంచేది ముందుగా ఆ ధీమానే. టెక్సాస్‌లో డిటెక్టివ్‌తో మాట్లాడిన మాట రికార్డవుతుంది. ఆ వీడియోను, దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందమైన జ్యూరీకి వేసి చూపిస్తారు.

డిటెక్టివ్ ఫోన్ చాలా మర్యాదగా వస్తుంది. "మీ మీద ఒకరు ఫిర్యాదు ఇచ్చారు. మీరేం చెబుతారో కూడా వినాలి కదా, ఒక అరగంట వచ్చి వెళ్లండి" అంటాడు. వెళ్తే ఒక చిన్న గది ఉంటుంది, ఒక టేబులు, రెండు మూడు కుర్చీలు, పైన మూలన కెమెరా. మంచినీళ్ల బాటిల్ ఇస్తాడు. "మీరు అరెస్టులో లేరు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లిపోవచ్చు" అని ముందే చెబుతాడు. విన్నవాడికి గుండె కుదుటపడుతుంది. ఆ వాక్యం చేసే పని మాత్రం వేరు. "మౌనంగా ఉండే హక్కు మీకుంది, లాయర్‌ని పెట్టుకునే హక్కు మీకుంది" అనే మిరాండా హెచ్చరిక, కస్టడీలో ఉన్న మనిషిని ప్రశ్నించేటప్పుడే తప్పనిసరి. తనంతట తాను వచ్చి కూర్చున్నవాడికి చెప్పనక్కర్లేదు. అతను చెప్పింది మాత్రం సాక్ష్యంగా పనికొస్తుంది.

ఆ హెచ్చరికకు పేరిచ్చిన కేసు కూడా లైంగిక నేరం కేసే. 1963లో ఆరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో ఎర్నెస్టో మిరాండాను కిడ్నాప్, రేప్ ఆరోపణల మీద పట్టుకుని, రెండు గంటల పాటు ప్రశ్నించి, నేరం ఒప్పుకున్నట్టు రాయించుకున్నారు. లాయర్‌ని అడగవచ్చని ఎవరూ చెప్పలేదు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఇక్కడితో అతను తప్పించుకున్నాడని చాలామంది అనుకుంటారు. 1967లో మళ్లీ విచారణ జరిగింది. ఆ ఒప్పుకోలు కాగితం లేకుండానే, మిగతా సాక్ష్యంతో జ్యూరీ అతన్ని మళ్లీ దోషిగా తేల్చింది. నిందితుడి హక్కులు నిలబడితే నేరస్తులు జారిపోతారని భయపడేవాళ్లు ఆ రెండో విచారణను కూడా గుర్తుపెట్టుకోవాలి.

మౌనంగా ఉంటే సరిపోతుందా అంటే, అదీ సరిపోదు. 1992లో హ్యూస్టన్‌లో ఇద్దరు అన్నదమ్ముల హత్య జరిగింది. సాలినాస్ అనే వ్యక్తి తనే స్టేషన్‌కి వెళ్లి అడిగినవాటికి జవాబులు చెప్పాడు. అక్కడ దొరికిన తూటా తొడుగులు నీ తుపాకీతో సరిపోలతాయా అని అడిగినప్పుడు మాత్రం మాట్లాడలేదు. నేల వంక చూశాడు, పెదవి కొరుక్కున్నాడు. ఆ మౌనాన్నే ప్రాసిక్యూటర్ జ్యూరీకి చూపించాడు. 2013లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, హక్కు వాడుకుంటున్నానని నోటితో చెప్పలేదు కాబట్టి అది చెల్లుతుందంది. లాయర్ విషయంలోనూ ఇంతే. "లాయర్‌తో మాట్లాడితే మంచిదేమో" అని నసిగితే అది లాయర్‌ని అడిగినట్టు కాదని 1994లోనే ఒక తీర్పు వచ్చింది. మన పెంపకంలో పెద్దవాళ్ల ముందు, అధికారుల ముందు నసుగుతూ మాట్లాడటమే వినయం. అక్కడ పని జరిగేది ఒక్క తేటమాటతోనే: "నా లాయర్ లేకుండా నేను మాట్లాడను." ఆ తర్వాత వాతావరణం గురించి అడిగినా సరే, మాట కలపకూడదు.

ఇంటరాగేషన్‌లో పోలీసులు అబద్ధం చెప్పడాన్ని కూడా అమెరికా చట్టం చాలావరకు అనుమతిస్తుంది. "నీ డీఎన్‌ఏ దొరికింది", "నీ రూమ్మేట్ అంతా చెప్పేశాడు" అన్నంత మాత్రాన అది నిజం కానక్కర్లేదు. 1969లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసులో, తోటి నిందితుడు ఒప్పేసుకున్నాడని పోలీసులు అబద్ధం చెప్పారు. అయినా ఆ ఒప్పుకోలు చెల్లింది.

లైంగిక నేరం కేసుల్లో ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకో ఫోన్ ఉంది. అది ఫిర్యాదు చేసిన మనిషి దగ్గర నుంచే వస్తుంది. "ఆ రోజు ఎందుకలా చేశావ్? నాకు నిద్ర పట్టడం లేదు. కనీసం సారీ అయినా చెప్పు" అంటుంది. పక్కన డిటెక్టివ్ కూర్చుని ఉంటాడు, కాల్ రికార్డవుతూ ఉంటుంది. మాట్లాడుతున్న ఇద్దరిలో ఒకరు ఒప్పుకుంటే రికార్డు చేయడం టెక్సాస్‌లో చట్టబద్ధమే. నిజంగా నేరం జరిగి, ఇద్దరే ఉన్న గదిలో ఏం జరిగిందో చెప్పే మూడో మనిషి లేనప్పుడు, బాధితురాలికి అండగా నిలిచే సాక్ష్యం ఇదే. అందుకని ఈ పద్ధతి తప్పని చెప్పడానికి లేదు. చిక్కు వచ్చేది "సారీ" అన్న మాటతో. ఎదుటి మనిషి ఏడుస్తుంటే, గొడవ ముదరకుండా, తప్పున్నా లేకపోయినా "సారీ, నాదే తప్పు, వదిలెయ్" అనేయడం మనకు అలవాటు. మనం అక్కడ చెప్పేది ఓదార్పు. పన్నెండు మంది జ్యూరర్లకు మాత్రం అది ఒప్పుకోలుగా వినిపిస్తుంది. వాట్సాప్‌లో రాత్రి రెండు గంటలకు టెన్షన్‌లో పెట్టిన సారీ మెసేజ్ కూడా అంతే.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇంటి పెద్దల పూనిక. కొడుకు మీద కేసు పడిందని తెలియగానే విజయవాడలో తండ్రి చేసే మొదటి పని, ఆ అమ్మాయిది ఏ ఊరు, వాళ్లకి మనవాళ్లెవరైనా తెలుసా అని కనుక్కోవడం. ఖమ్మంలో వాళ్ల మేనమామ ఒకాయన తెలిసినవాడే అని తేలుతుంది. పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకుందాం, పిల్లల జీవితాలు పాడవుతాయి, ఖర్చులేమైనా ఉంటే మేం పెట్టుకుంటాం అని కబురు వెళ్తుంది. ఇందులో తండ్రికి దుర్బుద్ధి ఏమీ ఉండకపోవచ్చు. టెక్సాస్ శిక్షాస్మృతి 36.05 సెక్షన్ ప్రకారం మాత్రం, కేసు నడవకుండా చేయడానికి సాక్షికి డబ్బు గానీ మరో లాభం గానీ ఇవ్వజూపడం నేరం. క్రిమినల్ కేసుకు సంబంధించి అలా చేస్తే, అసలు కేసులో ఎంత పెద్ద నేరం మోపారో ఇదీ అదే స్థాయి నేరమవుతుంది. అమెరికాలో ఉన్న అన్నో స్నేహితుడో ఈ కబురు మోస్తే అతని మెడకీ చుట్టుకుంటుంది. పైగా డిఫెన్స్‌కి, అంటే నిందితుడి పక్షానికి, ఎంత బలమైన ఆధారాలున్నా, "తప్పు చేయకపోతే డబ్బెందుకు ఇస్తామన్నారు?" అని ప్రాసిక్యూటర్ అడిగే ఒక్క ప్రశ్న దగ్గర అవి వెలవెలబోతాయి.

అంతా చేసి ఆ అమ్మాయి నిజంగానే మనసు మార్చుకున్నా, కేసు ఆమె చేతిలో ఉండదు. ఫైలు మీద పేరే "స్టేట్ ఆఫ్ టెక్సాస్ వర్సెస్" అని ఉంటుంది. ఆమె సాక్షి మాత్రమే. కేసు నడపాలా వద్దా అన్నది కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఎన్నికైన ప్రభుత్వ ప్రాసిక్యూటర్, డిస్ట్రిక్ట్ అటార్నీ (డీఏ) నిర్ణయం. మన దగ్గర హైకోర్టులో కాంప్రమైజ్ పిటిషన్లు చూసిన కళ్లకు ఇది మింగుడు పడదు. ముందస్తు బెయిల్ అన్నది కూడా అక్కడ లేదు. వారెంట్ వచ్చిందని తెలిస్తే, లాయర్ ముందే బాండ్ (బెయిల్ పూచీకత్తు) సిద్ధం చేయించి, మనిషిని తనే తీసుకెళ్లి లొంగిపోయేలా చూడగలడు. అదైనా లాయర్ ముందు నుంచి ఉంటేనే సాధ్యం.

అరెస్టయ్యాక జైలు నుంచి చేసే ఫోన్లన్నీ రికార్డవుతాయి, లాయర్‌తో మాట్లాడేవి తప్ప. కాల్ మొదట్లోనే ఆ హెచ్చరిక వినిపిస్తుంది కూడా. తెలుగులో మాట్లాడితే ఎవరికర్థమవుతుందిలే అని అమ్మతో జరిగిందంతా చెప్పుకుంటారు. అనువాదం చేయించుకోవడానికి డీఏ ఆఫీసుకు ఎంతోసేపు పట్టదు. ఫోన్‌లో చాట్లు తుడిచేయడం ఇంకా ప్రమాదం. విచారణ జరుగుతోందని తెలిసీ సాక్ష్యాన్ని మాయం చేయడం 37.09 సెక్షన్ కింద విడిగా ఒక ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. పైగా తుడిచేసిన వాటిలోనే తనను కాపాడే మెసేజులు ఉండవచ్చు. ఫోన్ వెతకాలంటే పోలీసులకు వారెంట్ కావాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. వారెంట్ లేకుండా అడిగితే ఒప్పుకోనని మర్యాదగా చెప్పవచ్చు. వారెంట్ ఉంటే అడ్డుపడకూడదు.

యూటీ డాలస్, యూటీ ఆర్లింగ్టన్, నార్త్ టెక్సాస్ లాంటి యూనివర్సిటీల్లో మన పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇద్దరూ విద్యార్థులే అయితే విద్యాసంస్థల్లో లింగ వివక్షను, లైంగిక వేధింపులను అడ్డుకునే టైటిల్ నైన్ చట్టం కింద క్యాంపస్‌లో వేరే విచారణ మొదలవుతుంది. ఇది కాలేజీ వ్యవహారమేలే అని అక్కడ నాలుగు పేజీల వివరణ రాసిచ్చేస్తారు. ఆ వివరణ క్రిమినల్ కేసులోకి రాదన్న గ్యారంటీ లేదు. క్రిమినల్ లాయర్ చూడకుండా అక్కడా ఒక్క వాక్యం రాయకూడదు.

ఇంతకీ మోపే నేరం ఏమిటన్నది తేల్చుకోవాలి. టెక్సాస్‌లో లైంగిక దాడి, అంటే 22.011 సెక్షన్, రెండో డిగ్రీ ఫెలనీ. రెండు నుంచి ఇరవై ఏళ్ల శిక్ష. ప్రాణహాని బెదిరింపు, ఆయుధం, తీవ్రమైన గాయం ఉన్నా, బాధితులకు 14 ఏళ్లు నిండకపోయినా అది 22.021 కిందికి వెళ్లి మొదటి డిగ్రీ అవుతుంది. అప్పుడు అయిదు నుంచి 99 ఏళ్లు, లేదా జీవితఖైదు. అందులో సగం గానీ 30 ఏళ్లు గానీ, ఏది తక్కువైతే అది గడిచే దాకా పెరోల్ మాటే ఉండదు. ముప్పయి రోజులు లేదా అంతకు మించిన కాలంలో చిన్నపిల్లల మీద రెండు లేదా ఎక్కువసార్లు జరిగిందంటే 21.02 సెక్షన్. కనీసం 25 ఏళ్లు, పెరోల్ అసలు లేదు. ఈ చివరి సెక్షన్‌లో డిఫెన్స్‌కి కష్టమైన అంశం ఒకటుంది. ఏయే రోజున ఏయే ఘటన జరిగిందన్న దాని మీద జ్యూరర్లు ఏకాభిప్రాయానికి రానక్కర్లేదు, రెండు జరిగాయని అందరూ నమ్మితే చాలు. పిల్లలు తేదీలు గుర్తుపెట్టుకోలేరన్నది నిజం, అందుకే చట్టం అలా రాశారు. తేదీ లేని ఆరోపణకు ఆ రోజు నేను ఊళ్లో లేనని రుజువు చూపించడం కుదరదన్నదీ అంతే నిజం.

వయసు దగ్గర తెలుగువాళ్లు రెండు విధాలుగా పొరబడతారు. ఇండియాలో సమ్మతికి వయసు 18, టెక్సాస్‌లో 17. అలాగని 17 ఏళ్ల అమ్మాయితో అన్నీ చట్టబద్ధమేననుకోకూడదు, అశ్లీల ఫోటోల విషయంలో 18 నిండాల్సిందే. ఇక "తనకి పందొమ్మిదని చెప్పింది, ప్రొఫైల్‌లో కూడా అదే ఉంది" అన్న వాదన టెక్సాస్‌లో పనికిరాదు. వయసు విషయంలో పొరపాటు పడటం అక్కడ డిఫెన్స్ కాదు. పనికొచ్చేది ఒకటే ఉంది. అమ్మాయికి 14 నిండి, ఇద్దరి మధ్య తేడా మూడేళ్లకు మించకుండా, ఇష్టపూర్వకంగా జరిగితే అది చెప్పుకోదగ్గ డిఫెన్స్, దాన్ని రుజువు చేసుకునే భారం నిందితుడిదే. పద్దెనిమిదేళ్ల బీటెక్ కుర్రాడికి అది అందుతుంది గానీ, 24 ఏళ్ల ఎంఎస్ విద్యార్థికి అందదు.

చాట్ యాప్‌లలో పోలీసులు మారుపేర్లతో వల పన్ని చేసే స్టింగ్‌లలో అవతలున్నది పదిహేనేళ్ల అమ్మాయి కాదు, డిటెక్టివ్. అసలు అమ్మాయే లేదు కదా, నేరమెక్కడిది అని అడుగుతారు. ఆన్‌లైన్‌లో మైనర్‌ను లైంగికంగా ప్రలోభపెట్టడం గురించిన 33.021 సెక్షన్‌లో మైనర్ అంటే, నిందితుడు 17 లోపు అని నమ్మిన మనిషి కూడా. కలవడం జరగకపోయినా నేరం పూర్తయినట్టే. పోలీసులే ఉసిగొల్పారనే డిఫెన్స్ ఉంది, కానీ అవకాశం ఇచ్చినంత మాత్రాన ఉసిగొల్పినట్టు కాదని చట్టంలోనే రాసి ఉంది. వయసు పదిహేనని తెరమీద కనిపించాక కూడా మాట కొనసాగించి, కారెక్కి బయల్దేరిన మనిషికి ఆ డిఫెన్స్ దొరకడం చాలా అరుదు. ఇది కఠినంగా కనిపించవచ్చు. పిల్లల కోసం వెతికే మనుషుల్ని, పిల్ల దొరకకముందే పట్టుకునే దారి ఇది.

నిజమైన డిఫెన్స్ ఏమిటన్నది సాక్ష్యాన్ని బట్టి మారుతుంది. మొదటి ప్రశ్న మనిషి ఎవరన్నది. లబ్బక్‌లో టెక్సాస్ టెక్ యూనివర్సిటీ విద్యార్థి తిమోతీ కోల్ కేసు ఇక్కడ చెప్పి తీరాలి. 1985లో అక్కడ ఒక విద్యార్థిని మీద అత్యాచారం జరిగింది. పోలీసులు ఆమెకు కొన్ని ఫోటోలు చూపించారు. కోల్ ది పోలరాయిడ్ ఫోటో, కెమెరా వైపు సూటిగా చూస్తున్నది. మిగతావన్నీ అరెస్టైనప్పుడు తీసిన ఫోటోలు, ముఖం పక్కకు తిప్పి ఉన్నవి. ఆమె కోల్‌నే చూపించింది. దాడి చేసినవాడు సిగరెట్లు తాగుతూనే ఉన్నాడని ఆమె చెప్పింది. కోల్‌కు తీవ్రమైన ఆస్తమా. అయినా 1986లో పాతికేళ్ల శిక్ష పడింది. జెర్రీ వేన్ జాన్సన్ అనే ఖైదీ ఆ నేరం చేసింది నేనని 1995లోనే అధికారులకు ఉత్తరం రాశాడు, ఎవరూ కదల్లేదు. 1999లో కోల్ జైల్లోనే ఆస్తమాతో చనిపోయాడు. వయసు 39. 2008లో చేసిన డీఎన్‌ఏ పరీక్ష జాన్సన్‌నే చూపించింది. 2009లో ఆస్టిన్‌లో ఒక జడ్జి కోల్ నిర్దోషి అని ప్రకటించాడు. టెక్సాస్‌లో చనిపోయాక అలా నిర్దోషిగా తేలిన మొదటి మనిషి అతనే. అతని పేరు తుడిచిపెట్టుకుపోకుండా నిలబడ్డవాళ్లలో బాధితురాలు కూడా ఉంది. తప్పు మనిషికి శిక్ష పడితే తనకీ న్యాయం జరగలేదని ఆమెకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. ఆ తర్వాత 2011లో, ఫోటోలు ఎలా చూపించాలన్న దానికి ప్రతి పోలీసు శాఖా రాతపూర్వక నియమాలు పెట్టుకోవాలని టెక్సాస్ చట్టం చేసింది. అందుకే మంచి లాయర్ ముందుగా అడిగేది, గుర్తుపట్టించిన తీరు రికార్డు.

మనిషి ఎవరో ముందే తెలిసిన కేసుల్లో, మనవాళ్లవి ఎక్కువగా ఇవే, డీఎన్‌ఏ ఏమీ తేల్చదు. అక్కడ ప్రశ్న సమ్మతి. ఇక్కడ కుటుంబాలు చేసే వాదన ఒకటే: ఆ అమ్మాయి ఎలాంటిదో కోర్టుకి తెలియాలి. పాత స్నేహాలు, పార్టీ ఫోటోలు, వేసుకున్న బట్టలు ఏరి లాయర్‌కి పంపుతారు. టెక్సాస్ సాక్ష్య నియమాల్లో 412వ నియమం ఫిర్యాదుదారు గత లైంగిక జీవితాన్ని కొన్ని సన్నని మినహాయింపులతో బయటే ఆపేస్తుంది. ఆపాలి కూడా. ఆ రాత్రి ఏం జరిగిందన్న దానికీ, అంతకు ముందు ఆమె ఎవరితో తిరిగిందన్న దానికీ సంబంధం లేదు. డిఫెన్స్‌కి పనికొచ్చేది ఆ రాత్రికి అటూ ఇటూ ఉన్న గంటలు: ఊబర్ రసీదు, అపార్ట్‌మెంట్ గేటు కెమెరా, రెస్టారెంట్ బిల్లు మీద ఎన్ని డ్రింకులున్నాయి, మర్నాడు ఇద్దరి మధ్య నడిచిన మెసేజులు మొదటి నుంచి చివరి దాకా. మధ్యలో రెండు స్క్రీన్‌షాట్లు ఏరితే అవి ఎటైనా మాట్లాడతాయి. గేటు కెమెరాల రికార్డు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది కాబట్టి, దాన్ని భద్రపరచమని లాయర్ ఉత్తరం మొదటి వారంలోనే వెళ్లాలి.

పిల్లల కేసులు వేరే తరహా. బయటి సాక్ష్యం లేకుండా బిడ్డ మాట ఒక్కటే ఉన్నా శిక్ష వేయవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. బిడ్డ మొదటిసారి ఏ పెద్దమనిషికి చెప్పిందో, ఆ మనిషి కూడా సాక్ష్యం చెప్పవచ్చు. ఆ తర్వాత పిల్లలతో మాట్లాడటంలో శిక్షణ ఉన్నవాళ్లు ప్రత్యేక కేంద్రంలో వీడియో ఇంటర్వ్యూ తీసుకుంటారు. ఆ వీడియో లాయర్ చూడవచ్చు, కాపీ బయటకు ఇవ్వరు. డిఫెన్స్ చూడాల్సింది ఈ మాట ప్రయాణం చేసిన దారి. ఎవరు మొదట అడిగారు, ఏమని అడిగారు, "అంకుల్ నిన్ను ముట్టుకున్నాడా?" అని జవాబు ప్రశ్నలోనే పెట్టి అడిగారా, మధ్యలో విడాకుల గొడవ ఉందా, చెప్పిన ప్రతిసారీ ఏం పెరిగింది, ఏం తగ్గింది. బిడ్డను కోర్టులో గద్దించి ఏడిపించే లాయర్ కేసును పోగొట్టుకోవడమే కాదు, మనిషిగానూ తప్పు చేస్తున్నట్టే.

వైద్య సాక్ష్యం మీద ఎంత గట్టి నమ్మకం పెట్టుకోవచ్చో శాన్ ఆంటోనియో ఫోర్ అని పిలిచే నలుగురు మహిళల కేసు చెబుతుంది. ఇద్దరు చిన్నారుల మీద 1994లో దాడి చేశారన్న ఆరోపణతో 1997, 98లలో వాళ్లకు శిక్ష పడింది. శరీరం మీద ఉన్న గుర్తు గాయపు మచ్చేనని డాక్టర్ చెప్పారు. అలాంటి గుర్తు మామూలు పిల్లల్లోనూ ఉంటుందని తర్వాత వైద్యశాస్త్రం తేల్చింది, ఆ డాక్టరే తన పాత అభిప్రాయాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ చిన్నారుల్లో ఒకరు పెద్దయ్యాక అసలేమీ జరగలేదని చెప్పారు. పాత సైన్సు మీద నిలబడ్డ శిక్షలను తిరగదోడడానికి 2013లో టెక్సాస్ 11.073 అనే కొత్త అధికరణం తెచ్చింది. 2016 నవంబరులో రాష్ట్ర అత్యున్నత క్రిమినల్ కోర్టు ఆ నలుగురూ నిర్దోషులని ప్రకటించింది. అప్పటికి వాళ్ల యవ్వనం జైల్లో అయిపోయింది. దీనికి రెండో వైపూ ఉంది. నిజంగా దాడి జరిగిన పిల్లల్లో కూడా పరీక్షలో ఏమీ కనిపించకపోవడం మామూలే. పరీక్ష నార్మల్‌గా వచ్చింది కాబట్టి ఏమీ జరగలేదని వాదించే లాయర్‌కి ప్రాసిక్యూషన్ నిపుణురాలు ఒక్క నిమిషంలో జవాబు చెబుతుంది.

కోర్టు మెట్ల వరుస క్లుప్తంగా ఇది. అరెస్టైన 48 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్తారు, బాండ్ మొత్తం, షరతులు అక్కడే నిర్ణయమవుతాయి. పాస్‌పోర్టు అప్పగించడం, కాలికి జీపీఎస్, ఫిర్యాదుదారు జోలికి వెళ్లకూడదన్నది మామూలు షరతులు. కేసు నడిపేంత ఆధారం ఉందా అని ముందుగా చూసే పన్నెండు మంది గ్రాండ్ జ్యూరీలో తొమ్మిది మంది ఒప్పుకుంటే ఇండిక్ట్‌మెంట్, అంటే అభియోగపత్రం, వస్తుంది. 2014 నుంచి అమల్లో ఉన్న మైకేల్ మోర్టన్ చట్టం వల్ల ప్రాసిక్యూషన్ తన ఫైలును, నిందితుడికి అనుకూలంగా ఉన్నదాంతో సహా, డిఫెన్స్‌కి చూపించాలి. విచారణలో పన్నెండు మందీ ఒక్కమాట మీదికి వస్తేనే దోషి. డబ్బు లేనివాడికి కోర్టే లాయర్‌ని ఇస్తుంది, పౌరసత్వం అడగదు. ఇంగ్లీషు తడబడే వాళ్లకు తెలుగు దుబాసీ హక్కు. పార్ట్‌టైమ్ ఉద్యోగంలో నెగ్గుకొచ్చే ఇంగ్లీషు, క్రాస్ ఎగ్జామినేషన్‌కి సరిపోదు. మొహమాటపడకుండా అడిగి తీసుకోవాలి. హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌కి కబురు చేయమని కోరడం కూడా వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కు.

చాలా కేసులు విచారణ దాకా వెళ్లవు, నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గించే ప్లీ ఒప్పందం బల్ల మీదకు వస్తుంది. "డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇస్తాం, దోషి అని తీర్పు రాయం, ప్రొబేషన్ (షరతులతో బయట ఉండే కాలం) పూర్తి చేస్తే కేసు కొట్టేస్తాం" అంటారు. నెలల తరబడి జైల్లోనో, బాండ్ మీద ఉద్యోగం లేకుండానో ఉన్నవాడికి ఇది దేవుడిచ్చిన వరంలా కనిపిస్తుంది. టెక్సాస్ చట్టం దృష్టిలో నిజంగానే అది శిక్ష కాదు. ఇమ్మిగ్రేషన్ చట్టం దృష్టిలో మాత్రం, నేరం ఒప్పుకుని ఏదో ఒక షరతు కింద ఉంటే చాలు, అది శిక్షే. రేప్, మైనర్ మీద లైంగిక దాడి అక్కడ అగ్రవేటెడ్ ఫెలనీ, అంటే బహిష్కరణకు దారితీసే అతి తీవ్ర నేరాల, జాబితాలో ఉన్నాయి. గ్రీన్‌కార్డ్ ఉన్నా దేశం నుంచి పంపించేస్తారు, తిరిగి వచ్చే దారి దాదాపు ఉండదు. ఎఫ్ వన్ విద్యార్థికి అరెస్టుతోనే వీసా రద్దు కావచ్చు. హెచ్ వన్ ఉద్యోగి జైల్లో ఉండగా ఉద్యోగం పోతే, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 60 రోజుల గడువు గోడల లోపలే కరిగిపోతుంది. పౌరసత్వం ఉన్నవాడికి బహిష్కరణ లేదు గానీ, 2006 నాటి ఆడమ్ వాల్ష్ చట్టం వల్ల మైనర్ మీద నేరంలో శిక్ష పడితే భార్యకు గానీ తల్లిదండ్రులకు గానీ స్పాన్సర్ చేయడం దాదాపు కుదరదు. దీని పైన రిజిస్ట్రీ, అంటే లైంగిక నేరస్తుల జాబితా. తీవ్రమైన నేరాల్లో ఫోటో, చిరునామా జీవితాంతం రాష్ట్ర వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఇల్లు మారిన ప్రతిసారీ పోలీసులకు చెప్పాలి. వీటిలో చాలాసార్లు డిఫర్డ్ ప్రొబేషన్‌కీ మినహాయింపు లేదు.

2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు, ప్లీకి ముందు బహిష్కరణ ప్రమాదం గురించి చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని తేల్చింది. ఆచరణలో "ఇమ్మిగ్రేషన్ ఇబ్బందులు ఉండవచ్చు" అన్న ఒక ముద్రిత వాక్యం కింద సంతకం చేయించడంతో ఆ బాధ్యత తీరిపోతున్న సందర్భాలున్నాయి. ఏ సెక్షన్ కింద, ఏ పదాలతో నేరం ఒప్పుకుంటున్నారన్న దాని మీద ఫలితం తారుమారవుతుంది. కేవలం వయసు మీద ఆధారపడిన కేసుల్లో, బాధితురాలికి 16 లోపు ఉంటేనే మైనర్ మీద లైంగిక దాడి లెక్కలోకి వస్తుందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. క్రిమినల్ కోర్టులో ఈ తేడాకు పెద్ద విలువ లేదు, ఇమ్మిగ్రేషన్ కోర్టులో బతుకంతా దీని మీదే ఉంటుంది. అందుకని సంతకం పెట్టే ముందు, క్రిమినల్ లాయర్ పక్కన ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూర్చోబెట్టి, ఈ సెక్షన్‌కి ఈ వీసా మీద ఏమవుతుందో కాగితం మీద రాయించుకోవాలి.